నాలుగు సిలిండర్లు, ఒక ముడి

గువ్వలచెరువు ఘాటులో మా బండిని మేకలు దాటుకోని పోయినాయి. బస్సులు దాటడం మామూలే. లోడు లారీలు దాటడం గూడా చూసినా. మేకలు దాటిపోతే మాత్రం తల కొట్టేసినట్టయింది. వాటిని తోలుకోని పోతాండే ముసలాయన మా కిటికీ పక్కన నిలబడి, "ఏమప్పా, ఒక చెయ్యి ఎయ్యాల్నా?" అని అడిగినాడు. మా ఆయన నవ్వినాడు. నాకు ఒళ్ళు మండింది. "నీ మేకల్ని చూసుకో పో తాతా" అని కసిరినా. ఆయన ఇంకా నవ్వి, నిదానంగా నడుచుకుంటా, మాకంటే ముందే మలుపు తిరిగినాడు.

ఇది మొన్న వానలు నిలిచినాక జరిగిన మాట.

మాది ఒంటిమిట్టకు దగ్గర్లో మగ్గాల ఊరు. నేను ఇప్పటికీ నేస్తాండా, నూలు చీరలు. మా ఆయన గూడా నేసేటోడే. ముప్పై ఏండ్లు గుంట మగ్గంలో కూర్చోని, కాళ్ళ కింద చెక్కలు తొక్కి తొక్కి మోకాళ్ళు అరగ్గొట్టుకున్యాడు. ఇంక గుంటలో కాలు పెట్టొద్దని డాక్టరు చెప్పిన పొద్దు, మనిషి ఇంటికొచ్చి గోడకానుకోని కూర్చున్యాడు. అన్నం పెట్టినా తినలేదు. నెల తిరక్కముందే ఆత్మకూరులో ఎవరో పాత పికప్ బండి అమ్ముతాండారని తెలిసి, పోయి తెచ్చుకున్యాడు. అప్పటికే అది ముసలిది. నల్లమల పక్క ఊర్లలో ఎన్నేండ్లు తిరిగిందో, ఎన్ని మూటలు మోసిందో దేవునికే ఎరుక. కిలోమీటర్లు చూపించే మీటరు మా ఇంటికి రాకముందే ఆగిపోయిండాది. ఎంత తిరిగింది అని ఎవరన్నా అడిగితే మా ఆయన, "ముసలోళ్ళ వయసు అడగగూడదప్పా" అంటాడు.

ఊర్లో నేసిన చీరలన్నీ మూటలు కట్టి రాజంపేట, కడప, రాయచోటి అంగళ్ళకు ఎత్తుకపోయేది, వచ్చేటప్పుడు నూలు తెచ్చేది ఈ బండే. దాంట్లో కూర్చుంటే మా ఆయన వేరే మనిషి. ఇంట్లో నాకు ఎదురు చెప్పనోడు, స్టీరింగు పట్టుకుంటే గొంతెత్తి పాటలు పాడతాడు. ఎదురొచ్చే ప్రతి డ్రైవరుకూ చెయ్యి ఊపుతాడు. నేను గూడా ఆ బండిని ఇంట్లో మనిషి మాదిరే చూసుకున్యా. సీట్లకు గుడ్డలు కుట్టింది నేనే, అద్దానికి నిమ్మకాయలు కట్టింది నేనే, దుమ్ము పడకుండా యాడేడ ఏం కట్టాల్నో కట్టింది నేనే. నేను చేసింది తప్పని ఎవరన్నా అంటే నేను ఊరుకోను. ఇది మా వీధిలో చిన్నపిల్లోళ్ళకు గూడా తెలుసు.

కట్టడం గురించి ఒక మాట చెప్పాల. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోతానే, కొత్త పడుగు పోగుల్ని ఆ పాత పోగుల కొసలకు ఒకటొకటే అతుకుతాం. వేల పోగులు, వేల ముడులు. మా అత్త పెట్టిపోయిన పద్ధతి ఏందంటే, ఒకరు కట్టిన ముడిని ఇంకొకరు ఇప్పగూడదు. ఏ చెయ్యి ఎట్లా మెలేసిందో ఆ చేతికే తెలుస్తాది, వేరే చెయ్యి పెడితే పోగు తెగుతాది. మగ్గం కాడ మొదలైన ఆ పట్టింపు మా ఇంట్లో వంటింటి దాకా పాకింది. ఒకసారి నేను పెండ్లికి పోయి రెండు దినాలు ఊర్లో లేకపోతే, బియ్యం మూటకు నేనేసిన ముడి ఇప్పకుండా మా ఆయన పక్కింట్లో తిన్యాడు. నేనొచ్చి తిడితే, "ముడి నీది గదా" అన్యాడు. అట్లాంటి మనిషి.

సరే, ఘాటు కాడికొస్తా. మేకలు పోయినాక మేము గూడా ఎట్లనో ఎక్కినాం. ఒకటో గేరులో, మూల్గుకుంటా, ఎనక నల్లటి పొగ వదుల్తా. రాయచోటికి చేరేసరికి అంగడాయన షట్టరు దించుకోని పోయినాడు. మూటలన్నీ మళ్ళా ఇంటికి తెచ్చుకున్యాం. దారంతా మా ఆయన పాట పాడలేదు.

ఆ సాయంత్రం కాళ్ళు కడుక్కుంటా చెప్పినాడు.

"ఇంజన్లో బలం పోయినట్టుండాది. రేపు కడపకు పోయి కంప్రెషన్ చూపిస్తా. ఉంటే సరి. లేదంటే పాత ఇనుమోనికి ఇచ్చేసి బెంగుళూరుకు పోతా."

బెంగుళూరులో ఆయన పెద్దనాయన కొడుకు ఉండాడు. ఏదో పెద్ద అపార్ట్‌మెంటులో వాచ్‌మన్ పని ఉండాదని, రమ్మని, రెండు నెలల నుంచి ఫోన్లు చేస్తాండాడు. నేను ఎప్పుడూ పట్టించుకోలేదు. ఈసారి మా ఆయన గొంతు వేరేగా ఉండె.

"గేటు పక్కనే గది గూడా ఇస్తారంట. ఒక్క మనిషికి సరిపోతాదంట" అన్యాడు.

"ఒక్క మనిషికా? మరి నేను?"

"నీకు మగ్గముండాది గదా."

పెండ్లయిన కాడి నుంచి ఆ మనిషి లేకుండా నేను ఉన్నింది ఆ పెండ్లికి పోయిన రెండు దినాలే. బండి పోతే పోనీ, దాని ఎంబడి మనిషి గూడా పోతాడని అప్పటిదాకా నాకు తట్టలేదు. "నేనూ వస్తా కడపకు. ఆ మెకానిక్ ఏం చెప్తాడో నా చెవులతో ఇనాల" అని చెప్పేసినా.

పొద్దున్నే బయల్దేరినాం. మూటలు దించలేదు, ఎట్లయితే అట్లయితాదని అట్లే ఉంచినాం. కడప ఇంకా రాకముందే రోడ్డు పక్కన రేకుల షెడ్డు. మెకానిక్ సాయెబు మా ఆయనకు పాత దోస్తు, నాకంటే పదేండ్లు చిన్నోడు, నన్ను అక్కా అంటాడు. శానా మంచోడు గానీ మాటలెక్కువ. ఆ పొద్దు ఆయన దగ్గర పని చేసేటోళ్ళు పెండ్లికని సెలవు పెట్టినారంట, ఒక్కడే ఉన్యాడు.

పెట్టెలో నుంచి ఒక గుండ్రటి మీటరు తీసినాడు. దానికి పొడుగాటి గొట్టం. చూస్తే డాక్టరు బీపీ చూసేదాని మాదిరే ఉండాది.

"ఇదేం చెప్తాది నాయనా?" అని అడిగినా.

"డీజిల్ బండికి నిప్పు పెట్టే పుల్ల ఉండదక్కా. లోపల పిస్టన్ గాలిని గట్టిగా అదుముతాది. అదిమితే వేడి పుడతాది. ఆ వేడికే డీజిల్ మండుతాది. ఎంత గట్టిగా అదుముతాండాదో ఈ మీటరు చెప్తాది. అదిమే బలం లేకపోతే..." అని చెయ్యి తిప్పినాడు. "ఖతం."

ఆ మాట ఇన్యాడో లేదో, మా ఆయన టీ తాగొస్తానని రోడ్డు దాటి పోయినాడు. టీ అంగడి కాడ మాకు ఈపు చూపించి నిలబడినాడు. చూడలేక పోయినాడని నాకు తెలుసు. ఆస్పత్రిలో గూడా అంతే, సూది నాకేస్తే కండ్లు మూసుకునేది ఆయన.

సాయెబు ఇంజన్ మీద వేలంత ఉండే హీటర్ ప్లగ్గులు నాలుగూ ఇప్పి గుడ్డ మీద వరసగా పెట్టినాడు. ఇంజన్ అంటుకోకుండా డీజిల్ రాకుండా దాని కరెంటు తీగ పీకినాడు. మొదటి రంధ్రంలో మీటరు గొట్టం బిగించి, అటూ ఇటూ చూసి, "సెల్ఫ్ కొట్టేదానికి ఎవరూ లేరే" అన్యాడు.

"నేను లేనా?"

"నీకొస్తాదా అక్కా?"

"తాళం తిప్పేదానికి ఏం సదువుండాలప్పా?" అని డ్రైవరు సీట్లో ఎక్కి కూర్చున్యా. ఇన్నేండ్లలో ఆ సీట్లో కూర్చోవడం అదే మొదలు. సీటు ఒక పక్కకు దిగిపోయిండాది, మా ఆయన ఒరిగినట్టే నేనూ ఒరిగినా. గేరు న్యూట్రల్లో ఉండాదో లేదో సాయెబే చూసి, "కొట్టక్కా!" అని అరిచినాడు. తిప్పినా. బండంతా గుర్రు గుర్రుమని ఊగింది. నాకు భయమూ అయింది, కొంచెం గమ్మత్తుగా గూడా ఉండె. "చాలు!" అన్యాడు. ఆపినా.

"రెండు వందల ఎనభై."

"మంచిదేనా?"

"నాలుగు వందలు దాటాలక్కా."

సుద్దముక్కతో ఆ అంకె బండి ముందర రేకు మీద రాసినాడు. రెండోది బిగించినాడు, తిప్పినా. రెండు వందల డెబ్బై ఐదు. మూడోది మళ్ళా రెండు వందల ఎనభై. నాలుగోది రెండు వందల డెబ్బై. అంకె రాసినప్పుడల్లా సాయెబు నాలుక చప్పరిస్తాండాడు.

"నీ మీటరే చెడిపోయిండాది" అన్యా.

ఆయన మీటరు ఊడదీసుకోని పక్కకు పోయినాడు. పక్కనే రిపేరుకొచ్చిన ఇంకో వ్యాను ఉండె. దానికి గూడా ప్లగ్గు ఇప్పి అదే మీటరు బిగించి, నన్నే పిలిచి తాళం తిప్పించి, ముల్లు చూపించినాడు. నాలుగు వందల నలభై. నేను నోరు మూసుకున్యా. నాకు అది అలవాటు లేని పని.

మళ్ళా మా బండి కాడికొచ్చి, మొదటి సిలిండర్లో ఒక చెంచా ఇంజనాయిలు పోసి ఇంకోసారి తిప్పించినాడు. పిస్టన్ చుట్టూ రింగులుంటాయంట, అవి అరిగిపోయింటే ఆయిలు ఆ సందులు మూసి ముల్లు బాగా లేస్తాదంట. మాది లేచీ లేవనట్టు లేచింది. "రింగులు గూడా కాదే" అని గడ్డం గోక్కున్యాడు. గాలి ఫిల్టరు డబ్బా మూత తీసినాడు. తీసి, "అరె వా!" అన్యాడు.

"ఏమైందప్పా?"

"ఇంత తెల్లటి ఫిల్టరు నేను ఈ కడప జిల్లాలో చూడలేదక్కా. మన దుమ్ముకు వారానికే ఎర్రగైపోతాది. కొత్త దాని మాదిరి ఉండాదే!"

నాకు అంత దిగుల్లో గూడా ఛాతీ పొంగింది. "చూసుకునేటోళ్ళు ఉంటే అట్లే ఉంటాది" అన్యా. ఆయన తల ఊపి మూత బిగించేసినాడు.

అంతే, ఇంక చెప్పేసినాడు. హెడ్డు దించాల, లోపల వాల్వులు చూడాల, బోరు చూడాల. యాడ ఆగుతాదో చెప్పలేను. ఈ వయసు బండికి అంత పని నేనైతే చెయ్యమనను అన్యాడు. మా ఆయన అప్పటికి రోడ్డు దాటి వచ్చి నిలబడిండాడు. అన్నీ ఇన్యాడు. "సరేప్పా" అన్యాడు. బండి తలుపు తీసి, స్టీరింగు ముందర పెట్టుకునే దువ్వెన తీసి జేబులో పెట్టుకున్యాడు. తుండుగుడ్డ తీసి భుజమ్మీద వేసుకున్యాడు. చిన్న అద్దం తీసి గుడ్డతో తుడిచినాడు.

ఆ దువ్వెన చూసినాక నాకు కోపమొచ్చింది. ఏడుపు రావాల్సిన చోట నాకెప్పుడూ కోపమే వస్తాది. ఎవరి మీదనో తెలీదు. రేకు మీద సుద్దతో రాసిన ఆ నాలుగంకెల మీద అనుకుంటా. వాటినే చూస్తా నిలబడినా. రెండు ఎనభై, రెండు డెబ్బై ఐదు, రెండు ఎనభై, రెండు డెబ్బై.

"ఇదిగో సాయెబూ, ఇట్లా రా" అని పిలిచినా. "ఇవి నాలుగూ ఒకటే మాదిరి ఉండాయే?"

"అవునక్కా, నాలుగూ పోయినాయి."

"నాలుగూ ఒకే పొద్దు యాల పోతాయప్పా? మాట్లాడుకోని పోయినాయా?"

సాయెబు నవ్వినాడు. "పాత బండి గదక్కా."

"నవ్వొద్దు. నేను చెప్పేది ఇను. నా మగ్గం మీద పోగు తెగితే ఒకటి తెగుతాది, రెండు తెగుతాయి. తెగిన దాన్ని ఎతికి అతుకుతా. అట్ల గాకుండా పడుగు పడుగంతా ఒకేసారి వదులైంది అనుకో, ఏ నేసేటోళ్ళూ పోగుల్ని చూడరు. ఎనక గుంజకు బిగించిన తాడు చూస్తారు. పోగులన్నింటికీ కలిసింది అదొక్కటే గాబట్టి. నీ నాలుగింటికీ కలిసింది ఏముండాది?"

"అక్కా, ఇది మగ్గం కాదు."

"కాదని నాకూ తెలుసులే. అడిగిందానికి చెప్పు. నాలుగింటికీ కలిసింది ఏముండాది?"

మా ఆయన నా కొంగు పట్టుకోని, "ఊరుకోవే, వాళ్ళ పని వాళ్ళకు తెలీదా" అని గొణిగినాడు. నేను కొంగు లాక్కున్యా. సాయెబు నవ్వు ఆపినాడు. సుద్దముక్క వేళ్ళ మధ్య తిప్పుతా కొంచేపు అంకెల్ని చూసినాడు.

"బ్యాటరీ ఒకటి. అది బలంగా తిప్పకపోతే నాలుగూ తక్కువే చూపిస్తాయి. ఇంకోటి గాలి."

"చూడు మరి."

పక్క వ్యాను బ్యాటరీ తెచ్చి తగిలించినాడు. నేను సీట్లోకి ఎక్కి తాళం తిప్పినా. ఇంజన్ జోరుగా తిరిగింది గానీ ముల్లు పెద్దగా కదలలేదు. "ఇంక గాలే" అన్యాడు. "కానీ ఫిల్టరు చూసినాం గదా, తెల్లగుండె."

"ఆ ఫిల్టరు దాకా గాలి యాడ నుంచి వస్తాదప్పా? ఆకాశం నుంచి ఊడిపడతాదా?"

"గొట్టం ఉంటాదక్కా, ముందర లైటు ఎనక..." అంటా అంటానే ఆయన బండి ముందరికి పోయినాడు. మోకాళ్ళ మీద కూర్చోని, నల్లటి రబ్బరు గొట్టం ఎంబడే చెయ్యి పోనిచ్చుకుంటా, లైటు ఎనకాల సందులో మోచేతి దాకా చెయ్యి పెట్టినాడు. పెట్టి, అట్లే తల తిప్పి నా వైపు చూసినాడు.

"అక్కా, దీని ముక్కులో ఏదో ఉండాది."

గొట్టం కొసను బయటికి లాగినాడు. దాని మూతికి ఒక గుడ్డ. గుడ్డ అంటే గుడ్డ గాదు, ఎండిపోయిన జొన్నరొట్టె. ఎర్రమన్ను మెత్తి, బిర్రబిగుసుకోని ఉండాది. గోటితో కొడితే టక్ టక్‌మంటాంది. గొట్టం చుట్టూ దారంతో ఏడెనిమిది చుట్లు చుట్టి ముడేసిండాది. "ఎవరప్పా ఈ పని చేసిన మహానుభావుడు?" అంటా సాయెబు బ్లేడు తీసినాడు, దారం కోసేదానికి.

"ఆగప్పా!"

మా ఆయన అంత గట్టిగా అరవడం నేను ఇంట్లో ఎప్పుడూ ఇనలేదు. "కొయ్యొద్దు. ఆ ముడి ఈమెది. ఈమే ఇప్పాల."

మర్చేపోయినా! పోయిన ఎండాకాలం నేను కట్టిందే అది. ఆ నెలల్లో రాజంపేట దిక్కు రోడ్డు తవ్వి పోసిండారు. బండి ఇంటికొస్తే మనిషీ బండీ ఒకే రంగులో ఉంటాండె. మా ఆయన ప్రతి వారం ఫిల్టరు తీసి గోడకేసి కొట్టి దుమ్ము రాలగొడతాంటే చూసి, మనం ముక్కుకు గుడ్డ కట్టుకుంటాం గదా, బండికి మాత్రం యాల కట్టగూడదు అనుకున్యా. ఆయన ఆఖరుసారి నేసిన చీర పడుగు కొసన మిగిలిన ముక్క నా దగ్గర దాచుకోనుంటి. దాన్ని రెండు మడతలేసినా. అంతటితో ఊరుకోనుంటే బాగుండేది. నేత సందుల్లో నుంచి సన్న దుమ్ము దూరకుండా, చీరకు పెట్టేదానికంటే చిక్కగా గంజి పెట్టినా. మగ్గం మనుషులం, గుడ్డ కనపడితే గంజి పెట్టకుండా చెయ్యి ఊరుకోదు. ఎండలో ఆరబెట్టి, ఫెళఫెళలాడేటట్టు చేసి, గొట్టం మూతికి బిగించి కట్టినా. ఎండాకాలమంతా గుడ్డ సందుల్లో నుంచి ఎట్లనో ఊపిరి తీసుకున్నట్టుండాది. వానలు పడినాక గంజి నాని, దుమ్మంతా దానికి పట్టుకోని, మళ్ళా ఎండ కాస్తానే మట్టిగోడ అయిపోయింది. ఫిల్టరు అంత తెల్లగా యాల ఉండాదో నాకు అప్పుడు తెలిసింది.

ముడి ఇప్పేదానికి కూర్చున్యా. సాయెబు చూస్తాండాడు, మా ఆయన చూస్తాండాడు, టీ అంగడాయన గూడా వచ్చి చూస్తాండాడు. ముడి మాత్రం మంచి ముడి, అది చెప్పాల్సిందే. నీళ్ళు చల్లి నానబెట్టి, కొస పట్టుకోని ఒక్క మెలిక తిప్పితే ఊడొచ్చింది.

"ఇప్పుడు కొట్టక్కా" అన్యాడు సాయెబు, మీటరు బిగించి. ఈసారి మా ఆయన టీ అంగడికి పోలేదు. మీటరు మీదికి వంగి నిలబడినాడు. నేను తిప్పినా.

"నాలుగు వందల ముప్పై!" అని అరిచింది సాయెబు గాదు, మా ఆయన.

నాలుగు వందల ఇరవై ఐదు. నాలుగు వందల ముప్పై. ఆఖరుది నాలుగు వందల పది. పాత అంకెల పక్కన కొత్తవి రాసుకుంటా పోయినాడు సాయెబు. "నాలుగోది కొంచెం అరిగిండాది. అరగనీలే, మనం అరగలేదా? ఇంకా శానా ఏండ్లు తిరుగుతాదన్నా నీ ముసల్ది" అన్యాడు. ఆమీదట నా దిక్కు తిరిగి, రెండు చేతులూ జోడించి, "అక్కా, తప్పు కనుక్కున్నింది నువ్వే, తప్పు చేసింది నువ్వే. నాకింక ఈడ ఏం పనుండాది? బండికే ఊపిరాడకుండా చేస్తివే, అన్న ఇన్నేండ్లు ఎట్లా బతికినాడబ్బా?" అన్యాడు.

"అలవాటైపోయిందిలే" అన్యాడు మా ఆయన.

షెడ్డులో అందరూ పడీ పడీ నవ్వినారు. ఇంకో పొద్దయితే ఆ మాటకు ఇద్దరికీ వరస పెట్టి తిట్లు పడేవి. ఆ పొద్దు నేను గూడా నవ్వినా, కండ్లలో నీళ్ళొచ్చేదాకా నవ్వినా.

మా ఆయన దువ్వెన తీసి, దాని జాగాలో దాన్ని పెట్టినాడు. ఇంటికి తిప్పలేదు బండిని. నేరుగా రాయచోటి రోడ్డు పట్టించినాడు. ఘాటు మొదలైనాక నేను గేరు దిక్కే చూస్తా కూర్చున్యా. మూడో గేరులో ఎక్కింది. ఎనక్కు తిరిగి చూస్తే పొగ కనపడీ కనపడనట్టుండాది. ఆ మేకల తాత కనపడితే బాగుండని ప్రతి మలుపులోనూ చూసినా. ఆ పొద్దు ఆయన రాలేదు, నా ఖర్మ. మా ఆయన పాట ఎత్తుకున్యాడు. ఆ గొంతు బాగుంటాదని నేను ఎప్పుడూ అనలేదు, అప్పుడు గూడా అనలేదు గానీ, ఆపమని మాత్రం చెప్పలేదు.

ఘాటు ఎక్కినాక గువ్వలచెరువులో ఆపినాడు. అంగడి ముందర బెంచీ మీద కూర్చోని, ఆకులో పెట్టిచ్చిన పాలకోవా తింటాండాం.

"నీకు ఆ గుడ్డ సంగతి గుర్తుండెనా?" అని అడిగినా.

"గుర్తు లేకుండా యాడ పోతాది? నువ్వు కట్టేటప్పుడు గొట్టం పట్టుకున్నింది నేనే గదా."

"మరి వానలు పడినాక ఒక్కసారన్నా చూడలేదా?"

"చూసినా. గట్టిగా అయిండె. ఇప్పుదామా అనుకున్యా గూడా."

"మరి ఇప్పి పారేయకుండా బెంగుళూరుకు పోతానంటావేమయ్యా? ముడి కోసం పెండ్లాన్ని ఇడిసిపెట్టి పోతావా? నీకు బుద్ధుండాదా?"

ఆయన కోవా నోట్లో పెట్టుకోని నిదానంగా నమిలినాడు. "ముడి కోసం కాదే. దాని మీద నాకు అనుమానమే రాలా. ఇంజనే పోయిందనుకున్యా. నువ్వు కట్టింది తప్పయితాదని నేను యాడ అనుకుంటా?" అన్యాడు.

తప్పని ఎవరన్నా అంటే ఊరుకోనని ఇన్నేండ్లూ నోరు పెట్టుకోని బతికితి. ఈ మనిషి భయపడి ఊరుకుంటాడనే అనుకుంటాంటి. అది భయం గాదని, నమ్మకమని, ఆ బెంచీ మీద తెలిసింది. ఇంజన్ పోయిందంటే నమ్మినాడు గానీ నా చెయ్యి పొరపాటు పడిందంటే నమ్మేదానికి ఆయనకు తోచనే లేదు.

అంతలో ఫోను మోగింది. బెంగుళూరాయనే. ఫోను బయటికి పెద్దగా ఇనపడతాది, మా ఆయనకు చెవి కొంచెం మందం. "ఎప్పుడొస్తాండావురా?" అని అడుగుతాండాడు.

"నేను రాలేనన్నా. బండి బాగైంది."

"ఏమైండెనంట దానికి?"

మా ఆయన నా దిక్కు చూసినాడు. ఆ మనిషికి చెప్తే సాయంత్రానికి చుట్టాలందరికీ తెలుస్తాది, పెండ్లిండ్లలో పదేండ్లు చెప్పుకుంటారు. అది ఆయనకు తెలుసు, నాకు తెలుసు.

"ఏం లేదులేన్నా, ముక్కు దిబ్బడ పట్టిండె" అన్యాడు.

ఇంక నా వల్ల కాలేదు. చేతిలో కోవా ఆకు బెంచీ మీద పెట్టి, ఫోను లాక్కున్యా.

"బావా, నేను మాట్లాడతాండా. దాని ముక్కుకు గుడ్డ కట్టింది నేనే. గంజి పెట్టి మరీ కట్టినా. తప్పు నాదే, ఆయనది ఏం లేదు. ఎవరికి చెప్పుకుంటావో చెప్పుకో పో. ఆ గేటు పక్క గది ఇంకెవరికన్నా ఇచ్చుకోమను, మా ఇంట్లో మనిషి రాడు."

తప్పు నాదే అనే మాట నా నోటి నుంచి ఆయన ఎప్పుడూ ఇనలేదు. "ఏమ్మా, ఒళ్ళు బాగుండాదా నీకు?" అని అడిగినాడు. శానా బాగుండాదని చెప్పి ఫోను పెట్టేసినా.

తిరిగి చూస్తే మా ఆయన రెండో ఆకు గూడా నాకుతాండాడు. నా కోవా అంతా తినేసిండాడు.